కిలోమీటర్లు అమ్మబడును

వాకీటాకీ కొనడానికి వచ్చిన మనిషిని గుర్తుపట్టడం తేలిక. ధర కూడా అడగకముందే "ఎంత దూరం వస్తుంది?" అంటాడు. దుకాణదారు ఆ ప్రశ్న కోసమే పుట్టినవాడిలా "పది కిలోమీటర్లు సార్, ఓపెన్ ఏరియాలో పదిహేను" అంటాడు. ఆ ఓపెన్ ఏరియా ఏ మండలంలో ఉందని అడిగిన కొనుగోలుదారు తెలుగు నేల మీద ఇంకా పుట్టలేదు. "లైసెన్సూ గట్రా?" అని గొంతు తగ్గించి రెండో ప్రశ్న వేస్తాడు. "అవేం అక్కర్లేదు సార్, అందరూ వాడుతున్నారు" అని జవాబు. జత మూడు వేల లోపు. కిలోమీటరు మూడు వందలకే గిట్టుబాటైందన్న సంతృప్తితో మనవాడు ఇంటికొచ్చి, ఒక సెట్టు భార్య చేతికిచ్చి, రెండోది పట్టుకుని హాల్లో నిలబడి "హలో హలో" అంటాడు. వంటింట్లోంచి ఆవిడ జవాబు సెట్టులోంచీ వినిపిస్తుంది, గుమ్మంలోంచీ వినిపిస్తుంది. పరీక్ష పూర్తి. ఐదు నక్షత్రాలు. "ప్యాకింగ్ బాగుంది, టార్చ్ లైట్ అద్భుతం."

ఆ పది కిలోమీటర్లు పచ్చి అబద్ధమని నేననను. అబద్ధమైతే తిట్టి ఊరుకునేవాణ్ణి. ఇది అంతకన్నా తెలివైన సరుకు. ఈ చేతిసెట్లు పనిచేసే వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, భూమి వంపుతో పాటు రవ్వంత వంగుతాయి. నేల నుంచి ఏరియల్ ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చవేస్తే ఆ ఏరియల్‌కి దిగంతం ఎన్ని కిలోమీటర్లలో ఉందో తేలుతుంది. నోటి దగ్గర పట్టుకున్న సెట్టు మీటరున్నర ఎత్తులో ఉంటుంది కాబట్టి లెక్క ఐదు కిలోమీటర్లు. అవతలి మనిషికి ఇంకో ఐదు. మొత్తం పది. చూశారా, దుకాణదారుకి లెక్కలొచ్చు! కాకపోతే ఈ లెక్కలో ఇళ్ళు లేవు, చెట్లు లేవు, ఫ్లైవోవర్లు లేవు, నీళ్ళ ట్యాంకులు లేవు. నున్నటి భూగోళం మీద మనుషులు మాత్రం ఇద్దరున్నారు. జలప్రళయం తీశాక మిగిలిన ఆ ఇద్దరికి పనికొచ్చే సెట్టు అది.

అదే సెట్టుతో కూకట్‌పల్లిలో రెండు వీధులు దాటండి. మూడో వీధి మలుపులో అవతలి గొంతు గురగురలోకి దిగిపోతుంది. సిమెంటు గోడలు, ఇనుప కడ్డీలు, బాల్కనీకి బిగించిన రేకులు తలా ఇంత మింగేస్తాయి. కిలోమీటరు అందితే అదృష్టం, ఒకటిన్నర అందితే నలుగురికీ చెప్పుకోవచ్చు.

మన వ్యాపారులు పదితో ఆగారు గనుక వాళ్ళ మీద నాకు కొంత గౌరవమే. అమెరికాలో కుటుంబాలు వాడుకునే సెట్ల పెట్టెల మీద "36 మైళ్ళ వరకు" అని అచ్చేసి అమ్మారు. అంటే 58 కిలోమీటర్లు. ఆ 'వరకు' అనే చిన్న ముక్క మోసినంత బరువు పెట్టెలోని ఏ భాగమూ మోయలేదు. సరే, 58 ఎలా వస్తాయో లెక్క కట్టి చూద్దాం. భువనగిరి కోట గుట్ట ఎత్తు సుమారు 500 అడుగులు. దాని నెత్తిన ఒకరు నిలబడి, రెండో వాళ్ళు మైదానంలో ఉంటే ఇదే సూత్రం ప్రకారం 56 కిలోమీటర్ల దాకా దారి తెరుచుకుంటుంది. హైదరాబాదు అంతకన్నా దగ్గరే. కాబట్టి కంపెనీ మాట నిజమే. సెట్టు మీరు కొనుక్కోవాలి, కొండ చాళుక్యులో కాకతీయులో ఇవ్వాలి.

ఇక్కడ చదువరి కొంచెం తికమకపడే సంగతి ఒకటుంది. మూడో వీధి దాటలేని ఈ సెట్టుతోనే, అంటే దాని 5 వాట్లతోనే, లైసెన్సు తీసుకుని సరదాగా రేడియో నడిపే హామ్ రేడియో వాళ్ళు అంతరిక్ష కేంద్రంలోని రిపీటర్ గుండా, అంటే అందిన మాటను మళ్ళీ ప్రసారం చేసే సెట్టు గుండా, మాట్లాడతారు. ఆ కేంద్రం 400 కిలోమీటర్ల పైన తిరుగుతోంది. అది ఆకాశంలోంచి పోతున్న పది నిమిషాలూ చేతిలో చిన్న దిశా యాంటెన్నా పట్టుకుని, 145.990 మెగాహెర్ట్జ్‌లో పైకి పంపి, 437.800లో కిందికి వింటారు. పైన అడ్డేమీ లేదు కనుక అందుతుంది. కింద ఆరంతస్తుల ఆకాశహర్మ్య రెసిడెన్సీ అడ్డముంది కనుక అందదు. దూరమన్నది సెట్టులో ఉండే వస్తువు కాదు, ఇద్దరి మధ్యా ఏముందన్న దాని మీద ఆధారపడే సంగతి. దీన్ని పెట్టె మీద అచ్చేస్తే వ్యాపారం సాగదు. "దూరం: మీ ఇష్టం, మీ డాబా ఇష్టం" అని ఎవరు రాసుకుంటారు?

కిలోమీటర్ల జబ్బు ముదిరితే వాట్ల జబ్బులోకి తిరుగుతుంది. "5 వాట్లది కాదండీ, 8 వాట్లది చూపించండి." 5 నుంచి 8కి పెరిగిన బలం రెండు డెసిబెల్స్. రేడియో వాళ్ళు సిగ్నల్ బలం కొలిచే మెట్టు ఒకటి ఎక్కాలంటే ఆరు డెసిబెల్స్ కావాలి, అంటే శక్తి నాలుగింతలవ్వాలి. ఊళ్ళో కిలోమీటరు అందే చోట 8 వాట్లతో ఓ వంద మీటర్లు అదనంగా వస్తాయి. ఆ వంద మీటర్ల కోసం బ్యాటరీ త్వరగా తాగేస్తుంది, సెట్టు అరచేతిలో వేడెక్కుతుంది. డబ్బా మీద ఎనిమిదని ఉన్నా మీటరు పెట్టి కొలిస్తే ఆరు దగ్గర ఆయాసపడేవి కొల్లలు. మెట్లెక్కి డాబా మీదికి వెళ్తే పైసా ఖర్చు లేకుండా అంతకు పది రెట్లు లాభం. కానీ మెట్లకు డిస్కౌంట్ ఉండదు, రేపటికల్లా డెలివరీ కూడా ఉండదు.

ఇక "లైసెన్స్ అక్కర్లేదు" అన్న మాట. ఈ మాటను నేను సాహిత్యంగా గౌరవిస్తాను. ఇంత తక్కువ అక్షరాల్లో ఇంత కల్పన ఇమిడ్చిన రచన ఈ మధ్య రాలేదు. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం రేడియో సెట్టు వాడటానికే కాదు, దగ్గర ఉంచుకోవడానికి కూడా అనుమతి కావాలన్నది. తర్వాత కొన్ని చిన్న చిన్న తరంగ ఖండాలకు మినహాయింపులిచ్చారు. చేతిసెట్ల విషయంలో 2018 నిబంధనలు వదిలిపెట్టింది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా. అంటే మెగాహెర్ట్జ్‌లో అయిదో వంతు. అదీ తక్కువ శక్తితో, టైప్ అప్రూవల్, అంటే ఆ రకం సెట్టుకి ప్రభుత్వ ఆమోదం, ఉన్న సెట్టుతో.

ఇప్పుడు బజార్లో దొరికే బావోఫెంగ్ యూవీ-5ఆర్ చూడండి. 2012లో వచ్చింది. చవక సెట్ల లోకంలో దీనికున్నంత కీర్తి ఇంకోదానికి లేదు. 136 నుంచి 174 మెగాహెర్ట్జ్, మళ్ళీ 400 నుంచి 520 దాకా ఎక్కడ కావాలంటే అక్కడ వింటుంది, బటన్ నొక్కితే అక్కడ మాట్లాడుతుంది కూడా. మినహాయింపున్న సందు ఎంత, ఇది తెరిచే తలుపులెన్ని! ఆ తలుపుల వెనక ఎవరెవరో కాపురాలు చేసుకుంటున్నారు. లైసెన్సు కట్టిన సంస్థలు, ప్రభుత్వ శాఖలు ఉన్నాయి. విశాఖ, కాకినాడ తీరంలో ఆపదలో ఉన్న ఓడా పడవా పిలిచే 16వ చానల్, అంటే 156.8 మెగాహెర్ట్జ్, కూడా ఆ పరిధిలోనిదే. మనవాడి మూడో తరగతి కొడుకు దాని మీద "హలో, పిజ్జా" అని ఆడుకోవడానికి యంత్రానికి ఏ అభ్యంతరమూ లేదు.

అమెరికాలో రేడియో తరంగాలను నియంత్రించే ఎఫ్‌సీసీ ఈ మాదిరి సెట్టు ఒకటి తెచ్చి అమ్మిన దిగుమతిదారుకు 2018లో నోటీసు ఇచ్చింది, అనుమతించిన హద్దు దాటి పనిచేస్తోందని. అక్కడి హామ్‌ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ ల్యాబ్‌లో పరీక్షిస్తే చవక సెట్లలో చాలావాటికి చిల్లర ప్రసారాల దోషం కనిపించింది. మీరు 145లో మాట్లాడితే దాని రెట్టింపైన 290లో కూడా మీ గొంతు కారుతుంటుంది. ఇక్కడ మన వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 మే నెలలో పదమూడు ఆన్‌లైన్ అంగళ్ళకు నోటీసులిచ్చి, ఆ నెలాఖరున మార్గదర్శకాలూ ప్రకటించింది. ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, లైసెన్స్ కావాలో అక్కర్లేదో, టైప్ అప్రూవల్ ఉందో లేదో సరుకు పక్కనే రాయమంది. అప్పటిదాకా ఆ వివరణల్లో రంగు, బరువు, టార్చ్ కాంతి, పిల్లల పుట్టినరోజుకు అనువైన కానుక అన్న సంగతి ఉండేవి. పనిచేసే ఫ్రీక్వెన్సీ మాత్రం మర్యాదగల ఇంట్లో అడగకూడని వయసులా దాచేవారు.

పెట్టె మీద ఇంకో ఆభరణం "38 ప్రైవసీ కోడ్‌లు". ఇవి చేసే పనల్లా మీ మాటతో పాటు చెవికి వినపడనంత అడుగు స్థాయిలో ఓ సన్నటి హోరు పంపడం. మీ సెట్టు ఆ హోరు ఉన్న మాటలకే స్పీకరు తెరుస్తుంది, మిగతావి మీకు వినిపించకుండా మూసేస్తుంది. మీరు చెప్పేది మాత్రం అదే ఫ్రీక్వెన్సీలో కోడ్ పెట్టుకోని ప్రతివాడికీ శుభ్రంగా వినిపిస్తుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం కనిపెట్టి, దానికి 38 రకాల కళ్ళు మూసుకునే పద్ధతులు చేర్చి, అమ్మకానికి పెట్టారు.

ఈ కోడ్ కూడా లేకపోతే ఎలా ఉంటుందో పెళ్ళిళ్ళ సీజన్లో చూడాలి. పదహారు చానళ్ళ చవక సెట్లు ఫ్యాక్టరీ నుంచి ఒకే వరసలో ఫ్రీక్వెన్సీలు వేసుకుని వస్తాయి. కొన్నవాడు వాటిని మార్చడు, మార్చవచ్చని అతనికి తెలీదు. ఒక రోడ్డు మీద రెండు ఫంక్షన్ హాళ్ళున్నాయనుకోండి. రెండు చోట్లా ఈవెంట్ మేనేజర్ల చేతుల్లో అవే సెట్లు, అదే ఒకటో చానల్. "మగపెళ్ళివారు దిగారు, కాఫీలు పంపండి" అని ఇక్కడ అంటే రెండు వంటశాలల్లోంచీ కాఫీలు బయల్దేరతాయి. పక్క హాల్లో దిగింది మాత్రం ఫొటోగ్రాఫర్లే. "పెళ్ళికొడుకు మామగారు అలిగారు, ఎవరైనా వెళ్ళి చూడండి" అన్న కేక విని, అలగని మామగారి దగ్గరికి నలుగురు పరిగెత్తుతారు. ఏం జరిగిందని వాళ్ళడిగిన తీరుకి ఆయన కూడా అలుగుతాడు. ఈలోగా ఎవరో చేతులకు శ్రమ ఎందుకని వాక్స్ పెట్టుకుని ఉంటారు. అంటే బటన్ నొక్కనక్కర్లేదు, గొంతు వినబడితే సెట్టు దానంతటదే ప్రసారం మొదలెడుతుంది. సెట్టుకి గొంతుకీ డోలుకీ తేడా తెలీదు. గట్టిమేళం మొదలవగానే సెట్టు కూడా మొదలవుతుంది. పక్క హాల్లో ముహూర్తం ఇంకా గంట ఉందనగా వాళ్ళ మేనేజర్ నడుం దగ్గర మాంగల్యధారణ అయిపోతుంది. ఎఫ్‌ఎం పద్ధతిలో బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని మింగేస్తుంది కనుక, ఆ పది నిమిషాలూ ఎవరేం చెప్పినా ఎవరికీ వినపడదు. అన్నం అడుగంటిందన్న వార్తతో సహా.

వీటన్నిటినీ క్షమించవచ్చు, ఆపద పేరు చెప్పి అమ్మేవాళ్ళను తప్ప. "హుద్‌హుద్ గుర్తుందా? ఫోన్లు పనిచేశాయా?" అంటారు. గుర్తుంది. 2014 అక్టోబరు 12న ఆ తుఫాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి, రోజుల తరబడి అవతలి పేటలో మనవాళ్ళు ఎలా ఉన్నారో తెలీలేదు. ఆ భయం నిజమైనదే. దానికి మందు పేరుతో అంటగడుతున్నది మాత్రం వేరే. ఇంకాస్త చదువుకున్న అమ్మకందారు 2004 సునామీ కథ కూడా చెబుతాడు. ఆ డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో ఉంది. 26న సముద్రం మీదికి వచ్చాక పోర్ట్ బ్లెయిర్ నుంచి వాళ్ళ హామ్ రేడియో, తెగిపోయిన దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య కబురు మోసింది. గొప్ప పని. అయితే వాళ్ళు వాడింది షార్ట్‌వేవ్ సెట్లు. ఆ తరంగాలు పై వాతావరణంలోని అయనోస్ఫియర్‌కి తగిలి వంగి వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. సరైన యాంటెన్నాలు, ప్రత్యేక అనుమతి, ఏళ్ళ అలవాటు వాళ్ళకున్నాయి. మీ చేతిసెట్టు తరంగం అయనోస్ఫియర్‌ని పలకరించకుండా దాటిపోతుంది. ఆ కథ చెప్పి ఈ సెట్టు అమ్మడమంటే, ఒలింపిక్ పరుగు చూపించి చెప్పులు అమ్మడమే.

ఇందులో పరాకాష్ఠ "5000 కిలోమీటర్ల వాకీటాకీ". తెరిచి చూస్తే లోపల సిమ్ కార్డుకి చోటుంటుంది. అంటే అది సెల్ ఫోనే, అంకెలు పీకేసి ఒక్క బటన్ మిగిల్చారు. టవరున్నంతసేపూ అమెరికాలో ఉన్న అబ్బాయితో కూడా మాట్లాడిస్తుంది. లారీ కంపెనీలకు, సెక్యూరిటీ ఏజెన్సీలకు బ్రహ్మాండంగా పనికొస్తుంది, కాదనను. కానీ టవర్లు పడిపోతే పనికొస్తుందని తుఫాను భయంతో దీన్ని కొన్నవాళ్ళున్నారే, వాళ్ళకు నిజంగా ఎవరైనా ఏదైనా చెప్పాలి. ఫోన్లో కాదు.

మరి కొత్తగా కొనేవాడు ఏం చెయ్యాలంటారా? నన్నడిగితే మొదట తన అవసరాన్ని కొంచెం చిన్నది చేసుకోవాలి. తోటలో పంపుసెట్టు దగ్గర ఒకరు, గట్టు మీద ఒకరు, లేదా కొండకి రెండు కార్లలో పోతున్నారు, ఇంతే అయితే 446 మెగాహెర్ట్జ్ సందులోనే పనిచేసే, టైప్ అప్రూవల్ కాగితం ఉన్న చిన్న సెట్ల జత చాలు. వాటికి యాంటెన్నా ఊడదు, ఫ్రీక్వెన్సీ మారదు. కొనేవాడికి అది లోపంలా కనిపిస్తుంది, చుట్టుపక్కల వాళ్ళకు అదే రక్ష. సంస్థ నడిపేవాళ్ళు టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం దగ్గర తమ పేరిట ఫ్రీక్వెన్సీ తీసుకోవాలి. పన్నెండేళ్ళు నిండినవాళ్ళెవరైనా హామ్ పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్స్ కూడా అక్కర్లేదు, పాసైతే వీయూ3తో మొదలయ్యే పేరొకటి వస్తుంది. కాగితాలు తిరిగి తిరిగి లైసెన్సు చేతికి రావడానికి నెలలు పడతాయి, అది వేరే వ్యాసం. వచ్చాక ఆ యూవీ-5ఆర్ లాంటిదే కొనుక్కుని, 144 నుంచి 146 మధ్యా, 434 నుంచి 438 మధ్యా హాయిగా మాట్లాడవచ్చు. ఎత్తైన చోట పెట్టిన రిపీటర్‌ని పట్టుకుంటే పదుల కిలోమీటర్లు నిజంగానే వస్తాయి. చూశారా, కిలోమీటర్లు ఉన్నాయి. అవి పరీక్ష హాలు అవతల ఉన్నాయి.

సెట్టు చేతికొచ్చాక అసలు సమస్య మొదలవుతుంది, ఎందుకంటే ఇది ఒక్కసారి ఒక్కరే మాట్లాడగలిగే యంత్రం. మన జాతి స్వభావానికి ఇంతకన్నా విరుద్ధమైన వస్తువును చైనా ఇంతవరకూ తయారుచేయలేదు. ఎదుటివాడి వాక్యం సగంలో ఉండగా మనది అందుకోవడం మనకు మర్యాద, ఆసక్తికి గుర్తు. ఇక్కడ అలా అందుకుంటే ఇద్దరి మాటా పోతుంది. బటన్ నొక్కి ఒక క్షణం ఆగి మొదలెట్టాలి. ఆగకపోతే మొదటి ముక్క తెగుతుంది. "రావద్దు, ఇక్కడ పోలీసులున్నారు" అన్నది "వద్దు, ఇక్కడ పోలీసులున్నారు" అయితే ఫర్వాలేదు, "తాళం వెయ్యకు" అన్నది "వెయ్యకు"గా చేరితే ఏం వెయ్యకూడదో వెతుక్కోవాలి. సెట్టును నిటారుగా, నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకుని మామూలు గొంతుతో మాట్లాడాలి. అమెరికా ఫోన్ కాల్ గొంతు వద్దు, అరిస్తే అవతల గరగరే. యాంటెన్నా బిగించకుండా బటన్ నొక్కితే లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు. యాంటెన్నా పట్టుకుని సెట్టును గిరగిరా తిప్పడం సినిమాలో పోలీసు ఇన్స్పెక్టరుకే చెల్లింది.

చెప్పడం అయ్యాక "ఓవర్" అని బటన్ వదలాలి. వదలడమే కష్టం. మనవాళ్ళ "ఉంటాను మరి" అన్నది వీడ్కోలు కాదు, రెండో అంకానికి తెర. "ఉంటాను మరి, ఓవర్. అన్నట్టు అత్తయ్యగారి మోకాలు ఎలా ఉంది, ఓవర్. సరే అయితే ఉంటా. కొత్తిమీర మర్చిపోకండి. ఓవర్, ఓవర్." సెట్టు తయారుచేసినవాళ్ళు దీన్ని ఊహించే కాబోలు, ఎవరైనా నిమిషాల తరబడి బటన్ వదలకపోతే దానంతటదే నోరు మూసుకునే ఏర్పాటు ఒకటి పెట్టారు. మెనూలో ఉంటుంది, టైమ్ అవుట్ టైమర్ అని. దాన్ని అరవై సెకన్లకు పెట్టండి. అవతల బావమరిదిగారుంటే ముప్పైకి దించండి. అలా దించినా బ్యాటరీ సాయంత్రం దాకా రాదు కాబట్టి ఇంకోటి అదనంగా కొనుక్కోండి. ఈ వ్యాసం చదివినందుకు మీకు పడుతున్న ఖర్చు అదొక్కటే.